అజాన్ వేళకు గోలీలు తెచ్చిన సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందని నిన్న పొద్దున సిరిసిల్ల నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. రాత్రి అన్నం తిని పడుకుందట, తెల్లారి లేవలేదట. ఏడుస్తూనే హమ్మయ్య అనుకున్నాను. ఇంతమందికి మంచం దగ్గర నిలబడి సేవ చేసిన మనిషి, తను మాత్రం మంచాన పడకుండా వెళ్లిపోయింది.

కోరుట్లలో మా గల్లీకి ఆమె సర్కారు దవాఖాన నర్సు. నా చిన్నప్పుడు అబ్బా దుబాయిలో ఉండేవాడు. ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ దొరికింది ఇంకొకటి. అమ్మీ బీడీలు చుట్టి మమ్మల్ని సాకేది. దగ్గు మొదలైతే తంబాకు ఘాటు అంది. దవాఖానకు పోదామంటే, బుర్ఖా చూసి అక్కడివాళ్లు చిరాకు పడతారంది. గల్లీలో ఆడవాళ్లందరిదీ అదే మాట.

ఓ రోజు సిస్టరమ్మ పరదా పక్కన నిలబడి, "గా దగ్గు గోడ అవతలికి ఇనబడుతున్నది. ఇంకెవలకు దాస్తున్నవమ్మా?" అంటూ లోపలికి వచ్చేసింది. పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆనాటి నుంచి పొద్దున్నే వచ్చి తన కళ్లముందే గోలీలు మింగించేది. గొంతు పెద్దది, ఒక్కమాట గుసగుసగా చెప్పడం చేతకాదు.

అంతలో రంజాన్ వచ్చింది. అమ్మీ గోలీలు మానేసింది.

"రోజా ఉన్న సిస్టరమ్మా. పండుగైనంక ఏసుకుంట."

జబ్బు మనుషులకు ఉపవాసం మాఫీ అని అందరూ చెప్పారు. వినలేదు. అబ్బా క్షేమంగా తిరిగి రావాలని పట్టిన రోజాలవి. నడుమ ఆపితే రోగం తిరగబెట్టి మందులకు లొంగదని సిస్టరమ్మ చెప్పింది. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను.

"నీ రోజా నువ్వుండు. గోలీల టైం నేను మార్పిస్త," అంది.

డాక్టరు వెంటపడి, ఆయన చేత పై అధికారులకు చెప్పించి, ఆ నెలంతా మా గల్లీకి గోలీలు సాయంత్రం ఇచ్చేలా చేసింది. రోజా విడిచే అజాన్ వేళకు మా గడపలో హాజరు.

"ముందు గోలీ, ఖర్జూరం తర్వాత. అల్లా ఏమనడు గని మా డాక్టరు ఊకోడు!"

అమ్మీ నవ్వేది, దగ్గేది, మింగేది. అది చూసి పక్కిళ్లలో దాచిన దగ్గులు కూడా బయటికొచ్చాయి. సర్కారు మాక్కూడా ఉందని నాకు మొదటిసారి అనిపించింది.

అమ్మీకి నయమైంది. అబ్బా కూడా తిరిగొచ్చాడు.

నిన్న అమ్మీని తీసుకుని సిరిసిల్ల వెళ్లేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. కింద సిస్టరమ్మ కొడుకు మరమగ్గాలు ఆపేసి ఉన్నాయి. ఇల్లు పైన, మెట్లు నిటారు. సగంలో నేను ఆయాసంతో గోడ పట్టుకున్నాను. అప్పట్లో వాకిలి దాటడానికే ఆగి ఆగి నడిచిన అమ్మీ, ఖర్జూరాల పొట్లం పట్టుకుని నన్ను దాటి ఎక్కిపోయింది. మగ్గాల చప్పుడు లేని ఆ ఇంట్లో అమ్మీ ఊపిరి నాకు స్పష్టంగా వినబడింది. ఒక్క దగ్గు లేదు.