పిడికెడు బియ్యం ఆపిన సోమవారం

మొన్న పొద్దున పేపరు తిప్పుతుంటే లోపలి పేజీలో కర్ణాటక మతమార్పిడి నిరోధక చట్టం మీద మళ్ళీ చర్చ అని కనిపించింది. తీసేస్తారని ఒకరు, తియ్యరని ఒకరు. చేతిలో కాఫీ చల్లారిపోయింది. రిటైరయ్యే ముందు నేను రాయచూరు దగ్గర థర్మల్ ప్లాంటు పక్క బళ్ళో కొన్నేళ్ళు పనిచేశాను. మా పెద్దనాయన ఇంట్లోనే ఉండేదాన్ని. తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగే వీధి అది. పెద్దనాయన ప్లాంటులో బొగ్గు దించే చోట పనిచేసి దిగిపోయిన మనిషి, మా చర్చి సంఘానికి పెద్ద. ఏ కాగితమైనా మూడుసార్లు చదివిస్తే గాని నమ్మడు. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా వెనక్కి తిప్పి చూసేవాడు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎసరు పెట్టిన ప్రతిపూటా పిడికెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వెయ్యాలి. ఆదివారం చర్చిలో అందరి బియ్యం ఒకే సంచిలో పోస్తారు. సన్నబియ్యం, రేషన్ బియ్యం, నూకలు అన్నీ కలిసి, వండితే సగం చిమిడి సగం పలుకుగా ఉండేది. దాన్ని తిని అరిగించుకోవడానికే విశ్వాసం కావాలని నేను ఎగతాళి చేసేదాన్ని. సోమవారం పెద్దమ్మ ఆ బియ్యాన్ని వీధిలో కష్టంలో ఉన్న ఇళ్ళకు పంచేది. వాళ్ళు ఏ దేవుడికి మొక్కుతారో అడిగే అలవాటు లేదు. ఎదురింటి అత్తకి కూడా అలాగే ఇచ్చేవాళ్ళం. చుట్టరికం కాదు, వీధి వరస. బొగ్గుపని చేసే మొగుడు పోయాక ఒంటరిగా ఉండేది. రెండేళ్ళు చర్చిలో వెనక వరసలో కూర్చుని, ఒకరోజు తనంతట తనే బాప్తిస్మం అడిగింది.

సరిగ్గా అప్పుడే ఆ చట్టం వచ్చింది. ఆదివారాలు చర్చి ఎదురుగా ఒక మోటారుసైకిలు ఆగడం మొదలైంది. దానిమీద మనిషి లోపలికి రాడు, ఎవరితో మాట్లాడడు, వచ్చేపోయేవాళ్ళని ఫోనులో ఫొటోలు తీసుకుంటాడు. క్రిస్మస్‌కి మా ఇంటి కజ్జికాయలు అడిగి తినే పొరుగువాళ్ళు మమ్మల్ని చూసి తలుపు దగ్గరికి వేసుకునేవాళ్ళు. మా అయ్యగారు, అంటే పాస్టరు, చిన్నవయసువాడు, భయపడ్డాడు. కృష్ణ దాటి అవతలి రాష్ట్రంలో గుట్టుగా కానిచ్చేద్దామన్నాడు. పెద్దనాయన ఒప్పుకోలేదు.

"మనం దొంగతనం జేస్తలేం గద అయ్యగారూ. దాసుకొని ఇచ్చే బాప్తిస్మం ఏం బాప్తిస్మం? ముందుగాల ఆ కానూన్ల ఏం రాసిన్రో సూద్దాం."

చట్టం కన్నడ ప్రతి తెప్పించి నాచేత మూడుసార్లు చదివించాడు. మతం మారే మనిషి ముందుగా అర్జీ పెట్టుకోవాలి, ఆ పేరు ఆఫీసులో గోడకు అంటిస్తారు, ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అత్తకి చెబితే నవ్వింది.

"నా పేరు గోడకు అంటిస్తరా? నా పెండ్లి పత్రికల గుడ సరిగ రాయలే. అంటియ్యని తియ్."

ఆమే వేలిముద్ర వేసింది. అంతవరకూ మేం చేసిందంతా సరైనదే. ఆ తర్వాత నా తెలివి నన్ను ఊరుకోనివ్వలేదు. కానుకలిచ్చి ఆశ చూపడం నేరమన్న వాక్యం కింద నేనే గీత గీసి, అర్జీ తేలేదాకా అత్తకి బియ్యం ఆపుదామన్నాను. కారణం చెబితే, రేపు విచారణకొచ్చినప్పుడు ఆమెకి జవాబులు నేర్పినట్టవుతుందని, చెప్పవద్దని కూడా నేనే అన్నాను. పెద్దనాయన ఆ వాక్యం మళ్ళీ చదివించుకుని తల ఊపాడు. పెద్దమ్మ మాత్రం "ఆకలికి కానూన్ ఏంది?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సోమవారం సంచి అత్త గుమ్మం దాటి ముందుకెళ్ళింది. గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆమెని చూసి నేను ముఖం తిప్పుకున్నాను.

పది రోజులకి ఆ ఆఫీసు నుంచి విచారణకు ఇద్దరు వచ్చారు. వీళ్ళు నీకేమైనా ఇచ్చారా అని అత్తని అడిగారు. ఆమెకి అబద్ధం రాదు.

"ఇచ్చేటోల్లు సార్, బియ్యం. నేను బాప్తిస్మం అడిగినంక బంద్ జేసిన్రు."

వాళ్ళలో ఒకాయన మొదటి మాట రాసుకున్నాడు. రెండోది రాసుకోలేదు. మర్నాడు పెద్దనాయననీ అయ్యగారినీ స్టేషనుకి పిలిచారు. పొద్దున వెళ్ళినవాళ్ళు పొద్దుగూకేదాకా రాలేదు. పెద్దమ్మ పొయ్యి వెలిగించలేదు. వాళ్ళు తిరిగొచ్చాక మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియక, గేటు చప్పుడైతే ఇల్లంతా ఉలిక్కిపడేది.

మూడోనాడు అత్త వచ్చింది. గడప దాటలేదు.

"అర్జీ వాపస్ దీసుకున్న బిడ్డా. అన్న ముసలోడు, నా వల్ల జైల్ల పడొద్దు. బియ్యం బంద్ జేస్తే జేసిన్రు, ఉపాసముండుడు నాకు కొత్త గాదు. ఎందుకో నాకొక్క మాట జెప్పకపోతిరి. బియ్యం కోసం ఒస్తున్ననని మీరు గుడ అనుకున్నరా?"

జవాబు కోసం ఆగకుండా ఎదురింట్లోకి వెళ్ళిపోయింది. అర్జీ పోవడంతో విచారణ ఆగిపోయింది. ఆ నెలలోనే ఆమె అరకేర దగ్గర తమ్ముడింటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళకి పోయిందని కబురొచ్చింది. బాప్తిస్మం లేకుండానే పోయింది. చట్టాన్ని తు.చ. తప్పకుండా చదివినదాన్ని, ఆమె ముఖం చదవలేకపోయాను. సిగ్గుగా ఉంది. ఆమె గుమ్మం ముందు నిలబడి కారణం చెప్పడానికి ఆవేళ అరనిమిషం పట్టేది. ఇన్నేళ్ళుగా నాలో నేను ఆమెకి చెబుతూనే ఉన్నాను, ఇంకా పూర్తి కాలేదు.