కొంగలు వాలిన మధ్యాహ్నం

రెండేళ్ల క్రితం, నేను డిగ్రీ చదివేటప్పటి మాట. కైకలూరు దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో నన్ను కాపలా కూర్చోబెట్టి నాన్నగారు మేత తేవడానికి వెళ్లారు. ముసురు పట్టిన మధ్యాహ్నం.

షెడ్డులోని ల్యాప్‌టాప్‌లో, ఇటుకలు పేర్చి ఊళ్లు కట్టే వీడియో గేమ్‌లో నేను కొల్లేరు కట్టాను. నీళ్లు నిజంగా మెరవాలని అందులో వెలుగునీడలు తెచ్చే షేడర్ వేస్తే తెర నల్లబడిపోతోంది. మిగతా ప్రోగ్రాములన్నీ ఆపేయమని ఎవరో వీడియోలో చెప్పారు. ఆపేశాను. చెరువుకు గాలినిచ్చే ఏరియేటర్లు ఆగితే అలారం మోగించే ప్రోగ్రాం కూడా వాటిలో ఉందని తట్టలేదు.

నీళ్లు మెరిశాయి. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. కిటికీ అవతల చెరువు మీద కొంగలు వాలుతున్నాయి. చూస్తుండగానే గట్టంతా తెల్లబడింది. వాటిని కూడా ఆటలో పెట్టాలనుకున్నాను.

పక్క చెరువు బాబాయిగారు వచ్చి నా భుజం తట్టారు. హెడ్‌ఫోన్స్ తీశాను. బయట ఏ చప్పుడూ లేదు.

"కరెంటు పోయి ఎంతసేపయిందమ్మా? ఇన్ని కొంగలు ఊరికే వాలతాయా? రొయ్యలు పైకి తేలిపోయాయి" అన్నారు మెల్లగా.

జనరేటర్ వేసేసరికి సగం పంట చచ్చిపోయింది. నాన్నగారు వచ్చి చీకటిపడేదాకా వంగి, తేలినవి ఏరుతూనే ఉన్నారు.

కొల్లేరు మీద కొంగల గుంపును చూసి అందరూ ఫోటోలు తీసుకుంటారు. నేను మాత్రం ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తోందా అని చెవులు రిక్కిస్తాను.