బాబాయి సరే అన్న పడవ

బాబాయి పోయారని పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్ రేవులో, లంగరు వేసిన మా పడవ మీద, ఉప్పు పట్టిన తాళ్ళను మంచినీళ్ళతో కడుగుతున్నాను. పొద్దున్నే టీ తాగి వరండాలో కుర్చీలో కూర్చున్నారట. గ్లాసు తీసుకెళ్దామని పిన్ని వచ్చేసరికి ప్రాణం లేదు. "నొప్పేటీ పడలేదురా. నిన్న సాయంత్రం నీ ఫోనొచ్చాక హాయిగా పడుకున్నారు. పరుగులు పెట్టుకుని రాకు, ఎలాగూ అందవు. పదకొండో రోజుకి రా, చాలు" అంది. ఏడ్చాను. ఏడుస్తూ ఉండగానే గుండె తేలికైంది కూడా. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడను. మా గురించిన బెంగ ఒక్కటీ మిగల్చుకోకుండా వెళ్ళిపోయారు ఆయన.

బాబాయి అంటున్నాను గానీ చుట్టరికం లేదు. బచేలీ టౌన్‌షిప్‌లో మాది ఒక క్వార్టర్, వాళ్ళది పక్కది. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, కొండ మీది ఇనుప గనిలో ఖనిజం మోసే కన్వేయర్ బెల్టుల దగ్గర ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఆయన ఉద్యోగమంతా బోల్టులే. చిన్న సుత్తితో తట్టి, తల వంచి, చప్పుడు వినేవారు. ఖంగుమంటే ముందుకి నడిచేవారు. బొంగురుగా పలికితే బెల్టు ఆపించేవారు. నేను అదే గనిలో ఎలక్ట్రికల్ వాణ్ణి. ఆయన బెల్టు ఆపించినప్పుడల్లా మా డిపార్ట్‌మెంటు తిట్టుకునేది, నాతో సహా.

రిటైరయ్యాక కూడా ఆ సుత్తి జేబు దిగలేదు. దంతెవాడ మడై జాతరకి టౌన్‌షిప్ పిల్లల్ని తీసుకెళ్తే, ముందు రంగులరాట్నం చుట్టూ తిరిగి ప్రతి బోల్టూ తట్టేవారు. ఆ తర్వాతే పిల్లలు ఎక్కాలి. మొదటి ఏడు రాట్నం వాడు కొట్టడానికి వచ్చాడు. తర్వాత తర్వాత వాడే దూరం నుంచి చూసి "ఆయియే దాదా, పహలే ఠోకియే" అని పిలిచేవాడు, ముందు తట్టి చూడమని. పక్కనే నిలబడి మేం నవ్వుకునేవాళ్ళం.

నా పిచ్చి వేరే. పదిహేనేళ్ళు సెలవులన్నీ విశాఖపట్నంలో తెరచాప పడవలు నడపడం నేర్చుకోవడానికే ఖర్చు పెట్టాను. రిటైర్మెంటుకి ముందే ఉద్యోగం మానేసి, పాత పడవ ఒకటి కొని, నేనూ మా ఆవిడా పోర్ట్ బ్లెయిర్‌కి, అక్కడి నుంచి ఇంకా తూర్పుకి సముద్రం మీద వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. "పడవని బాబాయి చూడాలి. ఆయన సరే అంటేనే నేను ఎక్కుతాను." సముద్రం ఎన్నడూ దాటని మనిషి, బచేలీ కొండ మీద బోల్టులు తట్టే మనిషి, మా ఇద్దరి ప్రాణాలకి పూచీ పడాలన్నమాట. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆయన్ని తీసుకుని విశాఖ పాసింజరు ఎక్కాను.

చూసిన మొదటి పడవ పెళ్ళికూతురిలా ఉంది. తెల్లటి రంగు, లోపల నిగనిగలాడే చెక్క, కొత్త తెరచాపలు. యజమాని మర్యాదస్తుడు, దాచిపెట్టే రకం కాదు. బాబాయి చెప్పులు విప్పి ఎక్కారు. ఆ చివర నుంచి ఈ చివర దాకా తట్టుకుంటూ వచ్చారు. ఇలాంటి పడవకి అడుగున బరువైన ఇనుప రెక్క ఒకటి ఉంటుంది, దాన్ని కీల్ అంటారు. గాలికి పడవ తిరగబడకుండా కాపాడేది అదే. దాన్ని పడవకి పట్టి ఉంచేవి బోల్టులు. అవి ఊడితే నడిసముద్రంలో పడవ బోర్లా పడుతుంది. నేల పలకలు ఎత్తి ఆ బోల్టులు చూపించాను. రెండు బోల్టుల చుట్టూ ఎర్రటి చార.

బాబాయి రుమాలు తీసి దాని మీద ఒకసారి తుడిచారు. మడిచి జేబులో పెట్టుకుని నవ్వారు. "మన దుమ్మేరా. మన కన్నా ముందే వచ్చీసింది."

నేనూ నవ్వాను. మీరు బచేలీలో ఉండి ఉంటే మీరూ నవ్వేవారు. మా ఊళ్ళో చొక్కాలు, గోడలు, ఆకులు, కుక్కలు అన్నీ ఎరుపే. ఆ ఖనిజమే గూడ్సు బళ్ళలో విశాఖ రేవుకి వస్తుంది. ఎర్రగా కనిపించిందల్లా దుమ్మే అనుకోవడం మాకు పుట్టుకతో వచ్చినంత అలవాటు. సుత్తికి కూడా బోల్టు తలలు ఖంగుమనే పలికాయి. యజమానికి మాట ఇచ్చేశాను, ఇంటికెళ్ళగానే కాగితాలు పంపుతానని.

మర్నాడు తిరుగు ప్రయాణంలో కోరాపుట్ దగ్గర ఖనిజం గూడ్సుకి దారి ఇవ్వడానికి మా పాసింజరు పక్క లైన్లో ఆగింది. బాబాయి వడ తిని, చేతులు తుడుచుకోవడానికి రుమాలు తీశారు. తుడుచుకోలేదు. విప్పి, రెండు చేతులతో పట్టుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఒరే, ఇది తెల్లగా ఉందేటిరా?"

"ఉతికిన రుమాలు బాబాయి, తెల్లగా ఉండదా?"

"నిన్న దీంతోనే కదా తుడిచాను. దుమ్మయితే దీనికి అంటుకోవాలి కదా." రుమాలు మళ్ళీ మడిచారు. "తుడిస్తే పోయేది దుమ్ము. పోనిది రోగం. లోపల తుప్పు పట్టి, ఆ నీరు పైకి ఊరి మరకైపోయింది. పై తలకాయి గట్టిగానే ఉంటాది, అందుకే ఖంగుమంది. నలభై ఏళ్ళు ఎర్రగా ఉన్నదల్లా దుమ్మే అనుకున్నాను. తప్పు నాదే. ఫోన్ చేసి ఆగమని చెప్పు."

నేను వాదించాను. ఇచ్చిన మాట ఏం కావాలన్నాను. ఒక మరకని చూసి వణికేవాడు సముద్రం మీదికి వెళ్ళలేడన్నాను. ఆయన కోప్పడలేదు. "మాట పోతే మళ్ళీ సంపాదించుకుంటావు. ఫోన్ చెయ్" అన్నారు. చేశాను. ఆ తర్వాత బచేలీ వచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. రెండు వారాలు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. పిన్ని పంపిన కూర గిన్నె కూడా మొహమాటం లేకుండా వెనక్కి పంపాను. ఇప్పుడు రాస్తుంటే ఆ గిన్నె గుర్తొచ్చి సిగ్గేస్తోంది.

రెండు వారాల తర్వాత ఆ పడవ యజమానే ఫోన్ చేశాడు. అనుమానం తీర్చుకోవడానికి పడవని ఒడ్డుకి లాగించి, కీల్ విప్పించాడట. బొటనవేలంత ఉండాల్సిన బోల్టులు లోపల పెన్సిలంత మిగిలాయట. "మీతో వచ్చిన పెద్దాయనకి నా నమస్కారం చెప్పండి. పై ఆదివారం నా పిల్లల్ని దాంట్లో తిప్పాలనుకున్నాను" అన్నాడు. పక్కింటికి పరుగెత్తి, చెప్పాల్సింది చెప్పలేక, "కూరేమైనా ఉందా పిన్నీ" అన్నాను. బాబాయి లోపలి నుంచి "ముందు అన్నం పెట్టు ఆడికి" అన్నారు. నన్ను దెప్పలేదు, అప్పుడూ తర్వాతా.

తర్వాత మూడు పడవలు చూసి వద్దనుకున్నాం. ఐదోది వెలిసిపోయిన ఆకుపచ్చ రంగుది, అందం సున్నా. దాని యజమాని అడగకుండానే ఒక డబ్బా తెచ్చి మా ముందు బోర్లించాడు. కీల్‌కి కొత్త బోల్టులు వేయించినప్పుడు తీసిన పాతవి. బాబాయి వాటిని ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూశారు. కొత్తవాటిలో ఒకటి విప్పించి, మొదలు నుంచి చివర దాకా రుమాలుతో తుడిచి, ఈసారి రుమాలు కూడా చూశారు. "పాత బోల్టు దాచుకున్నోడు అబద్ధం ఆడడు. దీన్ని తీసుకో. రంగు నువ్వే వేసుకుందువు" అన్నారు. బయల్దేరే రోజున సుత్తి పెట్టుకునే గుడ్డ సంచి సుత్తితో సహా నా చేతిలో పెట్టారు, ఆ రుమాలూ అందులోనే. "రోజూ పొద్దున్నే ఒకసారి తుడువు. బద్ధకించకు."

దారిలో రెండు రోజులు గాలి మమ్మల్ని పిండేసింది. పడవ పక్కకి ఒరిగిన ప్రతిసారీ మా ఆవిడ నా మొహం చూడలేదు, నేల పలకల వైపు చూసింది. పడవ ప్రతిసారీ లేచి నిలబడింది. రేవు చేరిన సాయంత్రం ఫోన్ చేస్తే, ఎలా ఉన్నారని కూడా అడగలేదాయన.

"బోల్టులు?"

"పొడిగా ఉన్నాయి బాబాయి."

"బస్, చాలు. ఇంక నిద్దరోతాను."

అవే ఆయన నాతో అన్న చివరి మాటలు.

పిన్ని ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూర్చుని, ఏం చేయాలో తెలియక, రోజూ చేసే పనే చేశాను. నేల పలకలు ఎత్తాను. మూడో బోల్టు చుట్టూ ఎరుపు. ఆయన లేని మొదటి పొద్దునే ఇదా అనుకున్నాను. రుమాలు తీసి, కళ్ళు మూసుకుని తుడిచి, కళ్ళు తెరిచి ముందు రుమాలు చూశాను. ఎర్రగా ఉంది. బోల్టు కొత్త రూపాయిలా మెరుస్తోంది. పైన కొక్కేనికి వేలాడుతున్న ఆయన సుత్తి సంచి, అలల కుదుపులకి, కుట్ల సందుల్లోంచి దుమ్ము రాల్చుకుంది. అంతే. బచేలీ దుమ్ము.

"ఏమైంది?" అని మా ఆవిడ పై నుంచి అడిగింది.

"తుడిస్తే పోయింది" అన్నాను.

ఆవిడ కిందికి దిగి వచ్చి, నా చేతిలో రుమాలు తీసుకుని, వాసన చూసి, పైకి తీసుకెళ్ళింది. పడవ అంచు తీగకి క్లిప్పు పెట్టి తగిలించింది. ఉతకలేదు. చుట్టూ అంత నీలంలో ఆ ఎర్రటి వేలిముద్రలు గాలికి ఊగుతూ ఉన్నాయి.