పడవకి ఊపిరాడలేదట

ఆ రోజుల్లో నాకు కోపం వచ్చేది అనకూడదు, ఉండేది. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు మొదలైతే రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకునేదాకా ఉండేది. వయసు అలాంటిదని మా అమ్మ అందరికీ సర్దిచెప్పేది గానీ, వయసుకేం తెలుసు పాపం, ఆ కోపం వెనక మా పెద్దనాయన ఉన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఈ సంగతి రాద్దామని కూర్చుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. మీరు చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నన్ను మాత్రం నవ్వమనకండి.

డిగ్రీ ముగించి చింతాద్రిపేటలో ఇంటి గోడలు చూస్తూ కూర్చున్న నన్ను పెద్దనాయన రాయపురంలోని తన షెడ్డులో పనికి పెట్టుకున్నాడు. ఫైబరు పడవలు చేసే షెడ్డు అది. అంతవరకూ చేసినవన్నీ చేపలవాళ్ళ పడవలే. హార్బరు పక్కనే కాబట్టి మనుషులు తలో చెయ్యీ వేసి నీళ్ళలోకి తోసేస్తే పని అయిపోయేది. ఆ ఆర్డర్లు తగ్గిపోయి, ఇవాళో రేపో షెడ్డుకు తాళం అనుకుంటున్న సమయంలో, షోళింగనల్లూరు దాటాక ఉన్న ఒక రిసార్టువాళ్ళు షికారు పడవ ఒకటి చేయమన్నారు. అది గీత పడకుండా చేరితే ఇంకొన్ని చేయిస్తామన్నారు. అంటే పడవను ట్రెయిలరు మీద కట్టి, జీపుకు తగిలించి, ఊరంతా దాటించాలి. మా షెడ్డులో ఆ పని తెలిసినవాడు ఒక్కడూ లేడు.

నేను ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పడవా ట్రెయిలరూ రెండూ ఒకే వస్తువులా కదలాలి. పడవ ముక్కును ట్రెయిలరు ముందున్న స్తంభానికి ఆనించి కట్టాలి, వెనక రెండు పక్కలా బెల్టులు కిందికి లాగి బిగించాలి. ఇంతే శాస్త్రం. చెమటలు కక్కుతూ బిగించి నిలబడితే పెద్దనాయన చుట్టూ తిరిగి చూశాడు.

"ఏందిరా ఇది, పాడె మీద కట్టినట్టు కట్టినావు? పడవ ఊగాల. అలకి తగినట్టు మూరెడు తాడు వదలకుంటే నడుం ఇరుగుతాది."

"ఈడ అల యాడుంది పెద్దనాయనా? ఇది తారు రోడ్డు."

"మొన్నటి వానకి ఆ రోడ్డు ఎట్లుందో పోయి చూడు, అల ఉందో లేదో తెలుస్తాది."

జీవితమంతా గట్టున పడవలు కట్టిన మనిషి ఆయన. నీళ్ళలో ఆటుపోటుకు తగ్గట్టు తాడు వదలాలి, నిజమే. కానీ నీళ్ళకూ రోడ్డుకూ తేడా లేదనే మనిషితో ఏం మాట్లాడతాం? చివరికి వెనక బెల్టులు నావి, ముక్కు దగ్గర తాడు ముడి ఆయనది అని ఒప్పందానికి వచ్చాం. (ఆయన ముడికి హార్బరంతా పేరు. అదీ నాకు కోపమే.)

గుమ్మడికాయ కొట్టాక జీపు ఎక్కబోతూ వెనక్కి చూస్తే పెద్దనాయన పడవలో కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె, నుదుట విభూది.

"కొత్త పడవ మొదటి పయనం వట్టిగా పోకూడదురా. చేసినోడు లోపల ఉండాల. మా నాయన కూర్చున్నాడు, నేను కూర్చుంటా."

"తాత కూర్చుంది సముద్రంలో. నువ్వు కూర్చునేది ట్రాఫిక్‌లో. దిగు."

దిగలేదు. బుద్ధి చెబుతుందనుకున్న పెద్దమ్మ, ఎండగా ఉంటుందని ఆయనకో గొడుగూ, పులిహోర పొట్లమూ అందించింది. సరే, బెల్టులైనా గట్టిగా ఉన్నాయి కదా అని పళ్ళు కొరుక్కుంటూ ముందు సీట్లో కూర్చున్నాను.

దారి పొడుగునా జనం ఫోనులెత్తి తీశారు. ఆఫీసు క్యాబుల్లో పిల్లలు చేతులూపితే పెద్దనాయన గొడుగు కింద నుంచి దణ్ణం పెట్టాడు. షోళింగనల్లూరు సిగ్నల్లో ఆగి, పచ్చదీపం పడగానే డ్రైవరు జీపును ఒక్క ఉదుటున లాగాడు. ట్రెయిలరు ముందుకు వచ్చింది. పడవ రాలేదు. వెనక్కి జారి, తోక దించి, ముక్కు పైకెత్తి, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒక బైకు కుర్రాడి హెల్మెట్టుకు జానెడు దూరంలో ఆగింది. పెద్దనాయన కాళ్ళు రెండూ గాలిలో కనిపించాయి. గొడుగు రోడ్డు మీద దొర్లుతోంది.

నేను ఎలా దిగానో, ఎలా పరిగెత్తానో నాకు గుర్తు లేదు. నా బెల్టులు రెండూ వదులుగా వేలాడుతున్నాయి.

"ఎవరు వదిలింది ఇది?"

"ప్రతి గుంతకీ మూలగతా ఉండిందిరా," అన్నాడు పెద్దనాయన లోపల నుంచి, లేవలేక. "ఊపిరాడలేదు దానికి. కొంచెం వదిలినా, ముక్కు తాడు కూడా. ముడి చూసినావా, నిలిచింది."

నాకు కళ్ళు కనిపించలేదు. నడిరోడ్డు మీద, అన్ని వందల హారన్ల మధ్య, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను. "పడవ పోతే పోనీ. షెడ్డు మూసుకుంటాం. నువ్వు పోతే నేనెవరి దగ్గరికి పోవాల? దిగు ముందు."

హారన్లు ఆగలేదు గానీ పెద్దనాయన మాత్రం ఆగి నా ముఖం చూశాడు. "ఎన్నయ్యా ఇదు?" అని, ఏందయ్యా ఇదని అరవంలో అరుస్తూ వచ్చిన ట్రాఫిక్ పోలీసు కూడా నా వాలకం చూసి కేకలు మానుకుని, ఆ బైకు కుర్రాడితో కలిసి పడవను ముందుకు తోశాడు. పెద్దనాయన దిగి జీపులో కూర్చున్నాడు. నేను బెల్టులూ, ముక్కు తాడూ మళ్ళీ బిగించాను. జీపు కదిలాక ఆయన పొట్లం విప్పి సగం నా వైపు జరిపాడు. నేను ముఖం తిప్పుకునే తిన్నాను.

పడవ అడుగున గీత పడింది. రిసార్టువాళ్ళు దాన్ని చూడనే లేదు, ఆర్డరు ఇచ్చారు. షెడ్డు నిలిచింది, ఇప్పుడు నేనే నడుపుతున్నాను. పెద్దనాయన పోయాక మా పడవలు ట్రెయిలరు మీద అంగుళం కదలవు. లోపల ఎవరూ కూర్చోరు, బెల్టులెవరూ వదులు చేయరు. షోళింగనల్లూరు సిగ్నల్లో ఆగినప్పుడు మాత్రం, అక్కడ నిలబడి గొంతు చించుకున్న అప్పటి కుర్రవాడి మీద, అంటే నా మీదే, నాకు కాస్త అసూయ కలుగుతుంది. వాడు తిరిగి చూస్తే పడవలో తిట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. నేను తిరిగి చూస్తాను, పడవ భద్రంగా ఉంటుంది, పచ్చదీపం పడుతుంది, వెళ్ళిపోతాం.