చేపల గోడ

ఎడారి ఊరు చాండ్లర్‌లో మా ఇంటి పెరటి గోడ సిమెంటు దిమ్మెలది. జూన్‌లో పొద్దుగుంకాక కూడా దాని మీద చెయ్యి ఆనించలేం. పక్కన నిలబడితే ఒంటికి తగిలే సెగ, వేడెక్కిన సిమెంటు వాసన నన్ను తిన్నగా మోంత్రెయ్‌కి తీసుకుపోతాయి.

మోంత్రెయ్ పారిస్ శివారు ఊరు. తాతగారి ఫ్రెంచి పౌరసత్వ కాగితాల పుణ్యమా అని యానాం నుంచి అక్కడికి చేరిన మేం నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళం. కిటికీలోంచి చూస్తే బస్సుల రోడ్డు, టైర్ల షెడ్డు, వాటి మధ్య ఎవరో మరిచిపోయినట్టు పాత గచ్చుగోడలు, ఆ గోడల నడుమ సన్నటి తోటలు. పగలు ఎండ తాగిన గోడ రాత్రి ఆ వేడిని కొమ్మలకు పంచేది కాబట్టి అంత చలిలోనూ పీచ్ పళ్ళు మెత్తటి నూగుతో, మా మెట్ల దాకా వచ్చే వాసనతో పండేవి. ఒకప్పుడు రాజుల భోజనాలకు వెళ్ళిన పళ్ళని తోట యజమానురాలు మదాం ఓదెత్ ఏటా కొత్తగా చెప్పేది.

ఊళ్ళో వాటిని 'పెష్ గోడలు' అంటారు. ఫ్రెంచిలో పెష్ అంటే పీచ్ పండు, చేపలు పట్టడం కూడా. గోదావరి ఒడ్డున పెరిగిన అమ్మకు రెండోదే తెలుసు. మదాం మమ్మల్ని తోటకు పిలిచిన రోజు అమ్మ చేపలు తెచ్చుకునే ఖాళీ సంచీ పట్టుకుని దిగింది. గోడలన్నీ కలియజూసి, "చేపలేవే?" అని నన్నడిగింది. నాకు తొమ్మిదేళ్ళు, ఫ్రెంచి గడగడా వస్తుందన్న పొగరు. పగలబడి నవ్వి, మదాంకి చెప్పి ఆవిణ్ణీ నవ్వించాను. అమ్మ సంచీ మడిచి చంకలో పెట్టుకుంది.

కొమ్మకు గుడ్డపీలిక చుట్టి గోడకు మేకు కొట్టడం అక్కడి పద్ధతి. మదాం దగ్గర పాత గుడ్డలు అయిపోవచ్చాయని తెలిసి, మర్నాడు అమ్మ తన పాత నేతచీరలు చింపి బుట్టెడు పీలికలు తీసుకెళ్ళింది. ఏడాది తిరిగేసరికి గోడ నిండా మా అమ్మ చీర అంచులే. అదిగో సీమంతం చీర, అదిగో నువ్వు పాలు కక్కిన చీర అని కిటికీలోంచి గుర్తుపట్టేది. నాన్నా నేనూ మాత్రం దాన్ని చేపల గోడ అనడం మానలేదు. ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ నవ్వేది కాదు, నేనది పట్టించుకోలేదు.

మదాం పోయింది, ఆ గోడలు చాలావరకు కూలిపోయాయి. అమ్మ పోయి ఏడాదైంది. ఈ వసంతంలో పెరటి గోడకు ఆనించి పీచ్ మొక్క నాటి, అమ్మ ఆఖరి నేతచీర చింపి కొమ్మకు చుట్టి మేకు కొట్టాను. అక్కడ పండించిన వేడి ఇక్కడ మొక్కను నిలువునా మాడ్చేసింది. అంత చిన్న విషయం నాకు తట్టలేదు. పుల్లలైన కొమ్మల ముందు కూర్చుని ఏడ్చాను.

మా ఎనిమిదేళ్ళ పాప వచ్చి ఆ పీలిక ముట్టుకుని చూసింది.

"మమ్మీ, అమ్మమ్మ ఫిష్ వాల్ ఇదేనా? మరి ఫిష్ ఏవి?"

నాకు నవ్వు రాలేదు. దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

"చేపలు కాదమ్మా, పళ్ళు. రెంటికీ ఒకటే మాట. ఎవరైనా అలాగే అనుకుంటారు."

తొమ్మిదేళ్ళప్పుడు అమ్మకు చెప్పాల్సిన మాట అది.