వినడం నేర్పే గది పక్కన బ్లోయర్

అది 2022. కరోనా తగ్గి అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు మళ్లీ కిటకిటలాడుతున్నాయి. కాలుష్యాన్ని కొలిచే ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫీల్డ్ అనలిస్టుగా నాకు అప్పటికి పదకొండేళ్ల సర్వీసు. గాలి, నీరు, శబ్దం మూడూ మా పనే అయినా నా చేతికి ఎక్కువగా వచ్చింది శబ్దమే. పొరుగువాళ్ల చప్పుడు భరించలేక ఎవరైనా అర్జీ పెట్టుకుంటే సౌండ్ లెవెల్ మీటర్ పట్టుకుని వెళ్లి, కొలిచి, హద్దు దాటిందో లేదో రాసివ్వాలి. చెప్పుకోవడానికి ఇంత తేలిక.

మీటర్ చేతిలో ఇమిడే పరికరం. గాలి తగిలి లెక్క తప్పకుండా దాని మూతికి నల్లటి స్పాంజి బంతి తొడుగుతాం. కాలిబ్రేటర్ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. అది ఎప్పుడూ ఒకే స్థాయిలో కూత వేస్తుంది. మీటర్ ఆ అంకెను సరిగ్గా చూపిస్తేనే దాన్ని నమ్ముతాం. ఆ తర్వాత మూడు కాళ్ల స్టాండు మీద, మనిషి చెవి ఎత్తున నిలబెట్టి కాసేపు వదిలేస్తాం. ఆ కాసేపట్లో వచ్చిన హెచ్చుతగ్గులన్నీ కలిపి అది ఒక సగటు తేలుస్తుంది. దాన్ని ఎల్‌ఈక్యూ అంటాం. పగటిపూట ఇళ్లుండే ప్రాంతంలో అది 55 డెసిబెల్స్ దాటకూడదు. వ్యాపార ప్రాంతంలో 65 వరకు ఉండొచ్చు.

ఆ అర్జీ రూళ్ల కాగితం మీద వచ్చింది. రాసినావిడ పేరు విజయలక్ష్మి, ఇల్లు అమీర్‌పేట మెయిన్ రోడ్డు వెనక సందులో. "మా పక్క బిల్డింగ్ క్యాంటీన్ బ్లోయర్ వల్ల మా పిల్లలు పాఠం వినలేకపోతున్నారు. వాళ్లు చెవుడు ఉన్న పిల్లలు" అని రాసి ఉంది. మా సెక్షన్ క్లర్కు అది చదివి, "చెవుడు ఉన్నోళ్లకు సప్పుడైతే ఏంది, కాకుంటే ఏంది మేడం" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తనిఖీకి వెళ్లేముందు రెండు వర్గాలకూ కబురు పెట్టడం మా ఆఫీసు అలవాటు. మేం వెళ్లేసరికి క్యాంటీన్‌కి తాళం వేసి ఉంది. శుభ్రం చేస్తున్నారట. బ్లోయర్ ఆగి ఉంది. బిల్డింగ్ యజమాని యాదగిరి గారు అందరికీ చాయ్ తెప్పించాడు. మీటర్ 52 చూపించింది. మెయిన్ రోడ్డు మీద బస్సులు, మెట్రో, ఏసీ మిషన్లు అన్నీ కలిపి అంతే. మా ఇంజనీరు గారు "కమర్షియల్ ఏరియా, 65కి లోపే ఉంది" అని కాగితం మీద రాసి విజయలక్ష్మి గారి చేతికి పెన్ను ఇచ్చారు.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. పెన్ను తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"నేను సంతకం పెట్టనండి. మీరివాళ కొలిచింది వాళ్ల మర్యాదని. చప్పుడుని కాదు."

"అమ్మా, రీడింగ్ మీ కళ్లముందే తీశాం కదా."

"బ్లోయర్ ఆపి తీశారండి. వానాకాలం అయిపోయాక వచ్చి ఇంటికప్పు కారట్లేదని రాసుకుపోతారా?"

ఇంజనీరు గారు ఆ కాగితం మీద 'అర్జీదారు సంతకానికి నిరాకరించారు' అని రాసుకుని జీపు ఎక్కారు. నేను స్టాండు మడుస్తుంటే ఆవిడ దగ్గరకు వచ్చి అంది, "మీకు వీలైన రోజు పదకొండింటికి రండి. చెప్పి రాకండి."

వారం తర్వాత పంజగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ శబ్దం కొలిచే డ్యూటీ పడింది. పదిన్నరకు పని అయిపోయింది. మీటర్ భుజాన వేసుకుని అటునుంచి అటే అమీర్‌పేట వెళ్లాను. చెప్పి వెళ్లడం మా అలవాటే కానీ, అలాంటి రూల్ ఎక్కడా లేదు.

విజయలక్ష్మి గారు చెవుడు ఉన్న పిల్లలకు వినడం నేర్పేది తన ముందుగదిలోనే. అక్కడ ఒక చిన్న బల్ల, దాని చుట్టూ చాప. బోరబండ నుంచి వచ్చిన అంజమ్మ అనే కూలిపని చేసుకునే ఆమె, తన నాలుగేళ్ల కూతురు స్వప్నతో కూర్చుని ఉంది. పాపకు రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్స్. పాప చేతిలో ఒక పూస. బల్ల మీద ఒక డబ్బా. విజయలక్ష్మి గారు పాప వెనక కూర్చుని, పెదవులు కనపడకుండా "ఆ" అంటుంది. వినపడితే పాప పూసను డబ్బాలో వేయాలి. "ఆ" అంది. పూస పడింది. "ఈ" అంది. ఇంకో పూస పడింది. "ష్" అన్నప్పుడు పాప కాసేపు ఆలోచించి వేసింది. అంజమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

పదకొండు దాటాక పక్కన బ్లోయర్ మొదలైంది. క్యాంటీన్ వంటగది పొగను బయటికి తోసే పెద్ద ఫ్యాను అది. దాని రేకు గొట్టం నోరు సరిగ్గా ఈ గది కిటికీకి ఎదురుగా ఉంది. నా అరికాళ్ల కింద నేల సన్నగా అదిరింది.

"మ్" అంది విజయలక్ష్మి గారు. పాప పూసను చెంపకు ఆనించుకుని అలాగే ఉండిపోయింది. మళ్లీ "మ్" అంది. పాప కదల్లేదు. ఆవిడ ఏమీ అనని సమయంలో చప్పున పూస వేసేసి, అమ్మ మొహం వైపు చూసింది. అమ్మ మొహంలో మెచ్చుకోలు కనపడలేదు. పాప రెండు చేతులూ ఎత్తి చెవుల్లో ఉన్నవి పీకేసింది.

"గా మిషన్ షురూ అయితె ఈ మిషన్లు తీసి పారేస్తదమ్మ. రోజు గిదే కత" అంది అంజమ్మ.

విజయలక్ష్మి గారు నాకు వివరించింది. హియరింగ్ ఎయిడ్ అన్నిటినీ పెద్దది చేస్తుంది, మాటనీ, మోతనీ. మన చెవి మోతను పక్కకు నెట్టి మాటను ఏరుకోగలదు. ఈ పిల్లలు ఆ ఏరుకోవడమే ఇంకా నేర్చుకుంటున్నారు. చిన్నతనంలో నేర్వలేకపోతే తర్వాత చాలా కష్టం. ఆఫీసులో నవ్విన నవ్వు నాకు అప్పుడు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

లేచి వెళ్లి ఆవిడ వాకిట్లో స్టాండు నిలబెట్టాను. కాలిబ్రేటర్ పెట్టి చూసుకుని మీటర్ వదిలాను. నాలుగు నిమిషాలు కాకముందే యాదగిరి గారు గోడ పక్కకు వచ్చాడు.

"ఎవలను అడిగి పెట్టిన్రు మేడం గిది?"

"నన్ను అడిగి పెట్టారండి. నా వాకిలి ఇది" అంది విజయలక్ష్మి గారు.

ఆయన గొంతు పెరిగింది. "గీ అమీర్‌పేటల సప్పుడు లేని జాగ ఏడున్నదో చెప్పున్రి. పడకపోతె ఇల్లు మార్సుకోవాలె. చెవులే వినపడని పోరగాండ్లకు నా బ్లోయర్‌తోని ఏం తక్లీఫ్?"

నేను మీటర్ పాజ్ చేశాను. "ఎందుకు ఆపారండీ? అది కూడా పడనివ్వండి" అంది విజయలక్ష్మి గారు. వద్దన్నాను. ఆయన అరుపును బ్లోయర్ లెక్కలో వేస్తే రేపు ఆ ఒక్క తప్పు చూపించి మొత్తం రిపోర్టు కొట్టిపారేస్తారు.

అంజమ్మ పాపను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు.

"వినపడతది సార్. మిషన్ పెడితె మా పిల్లకు వినపడతది. నీ సప్పుడే ముందుగాల వినపడతది. నా మాట వినపడ్తలేదు. పని ఇడిసిపెట్టి పిల్లనెత్తుకొని వస్తున్న నీ ఫ్యాన్ సప్పుడు ఇనిపియ్యనీకా?"

యాదగిరి గారు పాప వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయాడు. బ్లోయర్ మాత్రం ఆగలేదు. మీటర్ మళ్లీ మొదటి నుంచి పెట్టాను. 71.

వ్యాపార ప్రాంతమైనా అది హద్దు దాటినట్టే. అయినా ఆ సందును వ్యాపార ప్రాంతం అనడమే నాకు కొరుకుడు పడలేదు. మర్నాడు ప్లానింగ్ విభాగానికి వెళ్లి జోనింగ్ మ్యాప్ తీయించాను. ఏ వీధి దేనికి అని నగరం గీసుకున్న పటం అది. మెయిన్ రోడ్డు వెంట ఉన్న పట్టీ కమర్షియల్. వెనక సందు మాత్రం రెసిడెన్షియల్. అంటే హద్దు 65 కాదు, 55.

రిపోర్టు చూసి ఇంజనీరు గారు కళ్లజోడు తీశారు.

"బోర్డుల మీద బోర్డులున్న సందుని రెసిడెన్షియల్ అంటే జనం నవ్వుతారమ్మా. 65 అని మార్చు. అప్పుడు పెద్ద తేడా ఉండదు, చిన్న హెచ్చరికతో పోతుంది."

"నవ్వనివ్వండి సార్. మ్యాప్‌లో అలాగే ఉంది."

"నేను చెప్తున్నాను కదా, మార్చమని."

"అదే మాట ఫైల్లో రాసివ్వండి సార్. మార్చి కింద సంతకం పెడతాను."

ఆయన పెన్ను తీయలేదు. నేను కుర్చీలోంచి లేవలేదు. కాసేపటికి ఆయన ఫైలును నా వైపు తోశారు. అందులో ఒక్క అక్షరం కూడా రాయలేదు. రిపోర్టు నేను రాసినట్టే పైకి వెళ్లింది.

నెలలోపే నన్ను శబ్దం నుంచి తప్పించి ఊరి చివర ఫ్యాక్టరీల దగ్గర దుమ్ము కొలిచే పనిలో వేశారు. ఎందుకని నేను అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

నోటీసు అందాక యాదగిరి గారు గొట్టాన్ని పక్కకు తిప్పించి పైఅంతస్తు దాకా లేపించాడు. ఆ ఫైలు నా పేరు మీదే ఉండటంతో మళ్లీ కొలవడానికి నన్నే పంపారు. ఈసారి 57 వచ్చింది. యాదగిరి గారు పక్కనే నిలబడి, కాస్త మెత్తబడిన గొంతుతో విజయలక్ష్మి గారితో అన్నాడు, "గీ పిల్లల ముచ్చట ముందుగాలనే చెప్తె అయిపోతుండె గదమ్మా."

"మూడుసార్లు చెప్పానండీ. మీ బ్లోయర్ పక్కన నిలబడి చెప్పాను. మీకు వినపడలేదు."

'దాదాపుగా పాటించారు' అని రాసి ఫైలు మూసేయమని ఆఫీసులో అన్నారు. నేను 'హద్దు దాటింది' అని రాశాను. అర్జీదారుకు రావలసిన నకలు ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ ఆ నకలు జత చేసి ఇంకో అర్జీ పెట్టింది. గొట్టం లోపల మోతను మింగే సైలెన్సర్ బిగించడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. చివరిసారి కొలిచింది వేరే అనలిస్టు. 54 వచ్చిందని ఫోన్ చేసి చెప్పాడు. "మ్" కి స్వప్న వెంటనే పూస వేస్తోందని విజయలక్ష్మి గారు తర్వాతెప్పుడో చెప్పింది.

మీటర్ అబద్ధం చెప్పదని ఈ వృత్తిలోకి వచ్చినప్పుడు నాకు నేర్పారు. అది నిజమే. కానీ దాన్ని ఏ రోజు తీసుకెళ్లాలో, ఎక్కడ నిలబెట్టాలో, వచ్చిన అంకెను ఏ హద్దు పక్కన రాయాలో నిర్ణయించేది మనిషి. అబద్ధం దూరేది అక్కడే. ఈ కేసు గురించి విన్న కొత్తవాళ్లు నన్ను అడుగుతుంటారు, "రెండు డెసిబెల్స్ కోసం అంత పేచీ ఎందుకు మేడం?" అని. డెసిబెల్స్‌లో మూడు పెరిగితే శబ్దశక్తి రెండింతలవుతుందని మొదట లెక్క చెప్తాను. ఆ తర్వాత ఇంకో మాట చెప్తాను. హద్దు పెట్టినవాళ్లు 57 అని రాయడం చేతకాక 55 అని రాయలేదు.