చదువుల గదికి తాళం వేసిన మేస్త్రి

ఆ మేస్త్రి గురించి మా వీధిలో మూడు మాటలు తిరుగుతున్నాయి. డబ్బు తీసుకుని చదువు చెప్పే ట్యూషన్ సెంటరు వాళ్ళు చెయ్యి తడిపితే పిల్లల చదువుల గదికి తాళం వేశాడన్నది మొదటిది. వీధి కమిటీలో తనకు కుర్చీ వేయలేదన్న కచ్చతో ఆ పని చేశాడన్నది రెండవది. మూడవది ఈ మధ్య పుట్టిన పొగడ్త: నలభై ప్రాణాలు కాపాడిన మహానుభావుడని. మొదటి రెండూ శుద్ధ అబద్ధాలు. మూడవదానికి సాక్ష్యం చాలదు. ఆ కమిటీకి ఆరేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నాను; రెండవ మాటను కొన్నాళ్ళు నేనూ నమ్మాను. కనుక జరిగింది జరిగినట్టు రాయడం నా విధి అనుకుంటున్నాను.

మేస్త్రి అప్పటికి యాభై దాటినవాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసి తాపీ పట్టాడు. మాట తక్కువ. గోడ నిలువు చూడ్డానికి గుండు వేలాడదీసి ఒక కన్ను మూసి చూస్తున్నంతసేపూ ఊపిరి కూడా బిగబట్టేవాడు. రేకుల ఇంట్లో భార్యతో, ఒక్కగానొక్క కూతురితో ఉండేవాడు.

మా వీధిలో చాలా ఇళ్ళు ఒంటిగది ఇళ్ళు. వంటా, పడకా, టీవీ అన్నీ అందులోనే. పిల్లవాడు పుస్తకం తెరిస్తే మరొకరు కాళ్ళు ముడుచుకోవాలి. అందుకే మా వీధి సైకిల్ స్టాండు మీద ఒక పెద్ద గది కట్టుకుందామని తీర్మానించుకున్నాం. ఆదివారం ఆదివారం ఇంటికొకరు వచ్చి ఉచితంగా పనిచేయాలి. మేస్త్రి కూడా కూలి తీసుకోలేదు.

స్లాబు వేసిన రోజు కాంక్రీటు కలిపే చోట లెక్కల మాస్టారు నిలబడ్డారు. వీధిలో సగంమందికి ఆయన గురువు, మేస్త్రికీ గురువే. తట్టలు మోసి అలవాటు లేని చేతులు మధ్యాహ్నానికే పడిపోయాయి. గట్టిగా ఉన్న కాంక్రీటు తట్టలోంచి దిగడం లేదు. మాస్టారు జాలిపడి బకెట్టు అందుకుని నీళ్ళు పోశారు. మళ్ళీ పోశారు. కాంక్రీటు పాయసంలా జారింది, పని పరుగెత్తింది.

పైన సెంట్రింగు చెక్కల మీద నుంచి మేస్త్రి చూశాడు. "మాస్టారూ, నీళ్ళు కాస్త..." అన్నాడు.

"నీకు ఎక్కాలు నేర్పిందెవర్రా?"

"మీరేనండి."

"పదమూడో ఎక్కం ఇప్పటికైనా వచ్చిందా?"

అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వాడు. నీళ్ళెక్కువైతే కాంక్రీటులో చేవ ఉండదని అక్కడ తెలిసినవాడు అతనొక్కడే. కూలిపని అయితే ఆ కలుపును పారబోయించేవాడు. కాని కూలికి వచ్చినవాణ్ణి కసరవచ్చు. ఊరికే వచ్చి చెమటోడ్చేవాణ్ణి, అందులోనూ గురువును, ఏమని కసరడం? ఇది మా వీధిలో మాత్రమే జరగగల పొరపాటని నాకు తరువాత అనిపించింది.

రెండేళ్ళు ఏమీ కాలేదు. సాయంత్రం అయిదయ్యేసరికి నలభైమంది పిల్లలు ఆ గదిలో చేరేవారు. అది చూసి మాకు ఆశ పెరిగింది. బడి మానేసిన కుర్రకారుకు కుట్టుపని, కంప్యూటరు నేర్పడానికి దాని మీద మరొక గది వేద్దామని తీర్మానం రాశాం. మొదటి సంతకం నాది. పిల్లలే వరసకట్టి ఇటుకలు పైకి చేరవేశారు. "వానలు పోనివ్వండి" అని మేస్త్రి రెండుసార్లు అన్నాడు. బద్ధకం అనుకున్నాం.

ఇటుకలెక్కిన వారానికి, గది మధ్య దూలం అడుగున అతనికొక పగులు కనిపించింది. వెంట్రుక మందం. అటువంటివి వందకు తొంభై పైపూతలోనే ఉంటాయి. పగులు నిద్రపోతోందో, కదులుతోందో తెలుసుకోవడానికి పాత మేస్త్రీలకు ఒక పద్ధతి ఉంది: పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క పెట్టి రెండు కొసలా సిమెంటుతో అతికిస్తారు. పగులు విచ్చుకుంటే గాజు పగులుతుంది. ఒక సోమవారం పొద్దున్నే వెళ్ళి అతికించాడు. సాయంత్రం పిల్లలు అడిగారు.

"ఏంటి మేస్త్రిగారూ, దూలానికి కళ్ళజోడా?"

"బల్లులు రాకుండా."

"వాటికి అద్దమంటే భయమా?"

"మీకు లెక్కలంటే ఉన్నంత. చదువుకోండి."

ఆ రోజు నుంచి రోజూ అయిదింటికి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. లోపల ఎవరైనా బెంచీ జరిపితే పైకి చూడకూడదనుకునేవాడు, చూసేవాడు. పిల్లలు అతని చూపు వెంట పైకి చూస్తే నేల చూపులు చూసేవాడు. ఇంట్లో అన్నం తింటూ కూడా పైకి చూసేవాడు.

"తింటూ తింటూ ఆ పైకి చూడ్డమేంటి? మనవి రేకులేగా, ఎగిరిపోతే పోతాయి గాని కూలవు" అంది భార్య. అతడు కంచం పక్కకు నెట్టాడు.

నాలుగో రోజు కూతురితో, "రేపటి నుంచి తలుపు పక్కన స్తంభం దగ్గర కూర్చో" అన్నాడు.

"అక్కడ వెలుతురుండదు నాన్నా."

"గాలొస్తుంది. చెప్పింది చెయ్యి."

ఆ పిల్ల వెళ్ళి అక్కడే కూర్చుంది. ఆరో రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. పైన ఇటుకలు నీళ్ళు తాగి బరువెక్కాయి. మేస్త్రి వచ్చేసరికి గది నిండిపోయి ఉంది. కూతురు లేచి గుమ్మంలోకి వచ్చి, ఎవరికీ వినపడకుండా అంది:

"నాన్నా, ఆ గాజు పగిలింది."

అతడు చూశాడు. నడుమ సన్నని గీత, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా.

"అందుకేనా నన్ను ఇటు మార్చావ్?"

అతని చూపు బెంచీల మీదికి మళ్ళింది.

"మరి మిగతావాళ్ళో?"

ఈ సంభాషణ నాకు ఆ అమ్మాయే చెప్పింది. మేస్త్రి పిల్లలవైపు తిరిగి, "పుస్తకాలు తీసుకుని మెల్లగా లేవండి. గోడ వెంబడి రండి. పరుగెత్తద్దు, బెంచీలు లాగద్దు" అన్నాడు.

"సెలవా మేస్త్రిగారూ?" ఎవరో అడిగారు.

"సెలవే. నోరు మూసుకుని నడవండి."

నలభైమంది ఒక్కొక్కరుగా గోడ పక్కనుంచి మెట్లు దిగారు. చివర ఒక చిన్నపిల్ల పెన్సిలు డబ్బా మరిచిపోయానని సరిగ్గా దూలం కిందికి తిరిగి వెళ్ళింది. పిలిస్తే బెదిరి పరుగెత్తుతుందేమోనని మేస్త్రి పిలవలేదు. తానే అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, ఆ పిల్లను ఎత్తుకుని, వెనక్కి వచ్చాడు. పైనుంచి చిటికెడు సున్నం రాలి అతని భుజం మీద పడింది. ఆ తరువాత తాళం వేశాడు.

తాళంచెవి తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు మాస్టారు నా పక్కనే ఉన్నారు; పిల్లల కోసం ప్రశ్నపత్రాలు సిద్ధం చేస్తున్నాం.

"పరీక్షలు ఇరవై మూడు రోజుల్లో ఉంటే తాళమా? ఎవరినడిగి వేశావయ్యా?" అన్నాను.

"అడగలేదండీ. అడిగితే వద్దంటారు. దూలంలో పగులు విచ్చుకుంటోంది. స్లాబు రోజు కాంక్రీటులో నీళ్ళెక్కువయ్యాయి. చూసి కూడా నవ్వి ఊరుకున్నాను."

మాస్టారి చేతిలో కలం ఆగిపోయింది. "అంటే, నేను పోసిన నీళ్ళే కదా?"

"పోసింది మీరే మాస్టారూ. మీకు తెలీదు. నాకు తెలుసు. తెలిసినవాడే ఆపాలి."

"ఈ మాట బయటికొస్తే నీకెవరు పనిస్తారు?" అన్నాను. బెదిరించాలని అనలేదు, కాని బెదిరింపులాగే వినిపించింది.

"ఆ భయంతోనే ఆరు రోజులు ఆగానండీ" అన్నాడు.

నేను వెంటనే నమ్మలేదు. నాలుగు రోజుల తరువాత మేం పిలిపించిన ఇంజనీరు వచ్చి దూలంలోంచి ముక్క కోసి పరీక్షకు తీసుకువెళ్ళాడు. ఉండవలసిన బలంలో సగమే ఉందని రిపోర్టు వచ్చింది. పైబరువు లేకుంటే కొన్నేళ్ళు నిలిచేదేమో. రెండో గదిని మాత్రం మోసేది కాదు. ఆ సాయంత్రమే కూలేదా అని అడిగాను. "చెప్పలేం" అన్నాడు.

చదువుకోవడానికి పిల్లల్ని ఇళ్ళకు పంచాం. మాస్టారు తొమ్మండుగురిని తన వరండాలో కూర్చోబెట్టుకున్నారు. దర్జీ సాయంత్రాలు తన బల్ల ఖాళీ చేశాడు. మేస్త్రిని నోటికొచ్చినట్టు తిట్టిన ఇళ్ళవాళ్ళు కూడా ముందుగది ఇచ్చి, టీవీ కట్టేసి, వంటింట్లో ముడుచుకుని కూర్చున్నారు. పరీక్షల్లో ముప్ఫై ఒక్కరు గట్టెక్కారు. తొమ్మిదిమంది తప్పారు, వారిలో మేస్త్రి కూతురు ఒకతె. వెలుతురు లేని చోట రెండు రోజులు కూర్చున్నందుకు తప్పలేదు, రెండు పాఠాలు చదవనందుకు తప్పానని ఆమే చెప్పింది. మరుసటి ఏడు రాసి గట్టెక్కింది. మేస్త్రికి మాత్రం ఏడాదిపాటు ఎవరూ ఇల్లు అప్పగించలేదు. తన దగ్గర పని నేర్చినవాళ్ళ కింద కూలికి వెళ్ళాడు.

నా తీర్పు ఇది. స్లాబు వేసిన రోజు అతడు మాట్లాడవలసి ఉండి మాట్లాడలేదు. అనుమానం కలిగాక ఆరు రోజులు పిల్లల్ని ఆ దూలం కింద ఉండనిచ్చాడు. అందులో రెండు రోజులు తన బిడ్డను మాత్రమే తప్పించాడు. ఇది మొదటిదానికన్నా పెద్ద తప్పు. ఆ తరువాత, తనను ఎవరూ అనుమానించకముందే, కూడు పోతుందని తెలిసి కూడా, పిల్లల్ని బయటికి తెచ్చి, గదికి తాళం వేసి, తప్పు తనదని చెప్పాడు. అతడు చేసింది ఇంతే.